అరుపు వినపడేదాకా

ఆత్మకూరులో దూదేకుల మౌలాలిని ఎరగని ఇల్లు లేదు. అతని మాట విన్న ఇల్లు కూడా లేదు. ఈ రెండో సంగతే ఆ మనిషిని సగం చంపింది.

తాతల నాటి నుంచీ వాళ్లది దూది ఏకే ఇల్లు. చలి ముదరక ముందు జనం పాత పరుపులు విప్పి దూది ఏకించుకునే రోజుల్లో మౌలాలి విల్లు భుజాన వేసుకుని బయలుదేరితే, నల్లమల అంచు పల్లెలన్నీ చుట్టి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఆ విల్లు మనిషంత పొడవు ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని దూది మీదికి వంచి పట్టుకోవాలి, కుడిచేత్తో కొయ్యగుండు పట్టి నారిని కొట్టాలి. చూసేవాళ్లకు అదేదో బలం పని అనిపిస్తుంది. బలంతో కొడితే నారి తెగుతుంది, దూది ముద్దలు కడుతుంది. పనంతా మణికట్టుది. మౌలాలి కొడితే గట్టిపడిపోయిన పదేళ్ల నాటి పరుపు కూడా పొంగి గది నిండేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. దూది తడిగా ఉందంటే ఇంటివాళ్లతో పోట్లాట, కూలి దగ్గర కాదు, దూది దగ్గర.

ఒక యేడు పీర్ల పండుగలో నిప్పుల గుండం ముందర నిలబడి ఇక కల్లు ముట్టనని ప్రమాణం చేశాడు. చేయించింది అక్క దస్తగిరమ్మ. చిన్నప్పుడే ముండమోసి పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. మౌలాలి పెళ్లాం మాబీ సంగటి ఎంత గట్టిగా కెలకాలో కూడా వదినను అడిగే కెలికేది.

ప్రమాణం ఎండలు ముదిరేదాకా నిలబడింది. ఒకనాడు అడవి అంచు పల్లెలో పని ముగించాక ఆ ఇంటివాళ్లు చల్లని ఈత కల్లు ముందర పెట్టారు. మౌలాలి ఒక్క ముంత అనుకున్నాడు. ఆ మాట మీద ఏ తాగుబోతు నిలబడ్డాడు గనక ఇతను నిలబడడానికి? ముంత మీద ముంత తాగి, పందిట్లో ఉన్న నులక మంచం మీద బోర్లా పడ్డాడు. కుడిచెయ్యి మంచం పట్టె మీది నుంచి కిందికి వేలాడింది. పొద్దు వాలేదాకా అట్లాగే కదలకుండా నిద్రపోయాడు.

లేచి మొహం కడుక్కోబోతే చెయ్యి లేచింది గానీ మణికట్టు లేవలేదు. కోసిన కోడి మెడలాగా కిందికి వాలిపోయింది. తిమ్మిరి అనుకుని విదిలించాడు, నలిపాడు, తిట్టాడు. తిమ్మిరైతే కాసేపటికి పోవాలి. ఇది ఇల్లు చేరినా పోలేదు. అన్నం దగ్గర కూర్చుంటే వేళ్లు ముడుచుకుంటాయి గానీ తెరుచుకోవు. మాబీ చూసి అడిగితే పని ఎక్కువైందన్నాడు. నిజం చెప్పే నోరు యాడుంది? పీర్ల ముందర చేసిన ప్రమాణం ఊరంతా విన్నది.

మరునాడు సర్కారు ఆస్పత్రికి పోయాడు. డాక్టరు చెయ్యి ఒకసారి ఎత్తి వదిలి, ఇంగ్లీషులో ఏదో అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాటను తెలుగు చేసి చెప్పినవాడు కట్లు కట్టే లేవి. మాలపేట మనిషి, మిషను బడిలో చదువుకున్నాడు. ఊళ్లోవాళ్లు లేవి చేతి నీళ్లు తాగరు, లేవి కలిపిన మందు మాత్రం గడగడా తాగుతారు. వివరం చెప్పడం మొదలుపెడితే అతను ఆపలేడు, ఎదుటివాడు పారిపోనూ లేడు.

"రాత్రి తాగినావా మౌలాలన్నా?"

"పగలే. ఎవురికీ చెప్పాకు. చెయ్యి సంగతి చెప్పు."

గోడకు తోలు లేని మనిషి బొమ్మ ఒకటి వేలాడుతోంది. ఒళ్లంతా పసుప్పచ్చ దారాలు పాకినట్టు గీతలు. మౌలాలికి దాన్ని చూడబుద్ధి కాలేదు. లేవి దాని మీదనే వేలు పెట్టాడు.

"తలకాయలో ఇది మెదడు. ఆడినుంచి వెన్నుపూసల నడుమ ఇట్ల మోకు మాదిరి దిగుతాది చూడు, ఇది వెన్నుపాము. పూసకూ పూసకూ సందులోనుంచి జతలు జతలుగా నరాలు బయటికొస్తాయి. మెడకాడ వచ్చేటివి చంకలోకి పోయి, మళ్ల చీలి చెయ్యంతా పారుతాయి. వాట్లో ఒకటి మాత్రం, ఇదో, జబ్బ ఎముక వెనకమాల ఎముకనే చుట్టుకోని పోతాది. నువ్వు పట్టె మీద చెయ్యేసి పండుకుంటివి. పట్టెకూ ఎముకకూ నడుమ అది నలిగింది. మణికట్టును లేపేదీ, వేళ్లు తెరిచేదీ ఆ నరమే."

"అయితే గాలి సోకల్యా?"

"గాలీ లేదు, గీలీ లేదు. కండ బాగుండాది, మెదడు బాగుండాది. నడుమ దారి మూసుకుపోయింది. కళ్లు మూసుకో."

మౌలాలి కళ్లు మూసుకున్నాడు. లేవి సూదితో చిటికెన వేలు గుచ్చితే చురుక్కుమంది. తర్వాత చాలాసేపు ఏమీ తెలియలేదు. ఇంకా గుచ్చలేదేమని కళ్లు తెరిచి చూస్తే, బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ చెయ్యి వెనక తోలులో సూది నిలబడి ఉంది. అప్పటిదాకా లేని భయం అప్పుడు పుట్టింది.

"మెదడు చెప్పే మాట కండకు మోసేదీ, తోలుకు తగిలిన సంగతి మెదడుకు మోసేదీ, రెండూ ఆ నరంలోనే పోతాయి" అన్నాడు లేవి. "రెండూ ఆగినాయి. అదే లేస్తాది లే. నెలకు లేస్తాదో, మూడు నెలలకు లేస్తాదో చెప్పలేం. చెక్క కట్టి మణికట్టును పైకి పెట్టుకో. వేళ్లను ఎడమచేత్తో చాపుతా ముడుస్తా ఉండు."

"మందు?"

"లేదు."

"మందు లేకుండా ఎట్ల పోతాదప్పా?"

"పోతాది. నిప్పు కాడికి మాత్రం పోవాకు. మనకు సెగ తగిలితే మెదడు దాకా పోయి అడిగే పనిల్యా. వెన్నుపామే చెయ్యిని వెనక్కి లాగేస్తాది, అబ్బా అనేది ఆ తర్వాత. నీకు ఆడ కబురే పోదు. కాల్తా ఉన్నా తెలీదు."

చెక్క కట్టుకుని మౌలాలి ఇంటికి వచ్చాడు. ఊరికే ఉండడమే మందు అంటే ఏ ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారు? ఉప్పు కాపడం పెట్టమన్నా పెట్టేవాళ్లు, ఏడు బావుల నీళ్లు తెమ్మన్నా తెచ్చేవాళ్లు. ఏమీ చేయొద్దనేసరికి దస్తగిరమ్మకు లేవి మీద అనుమానం వచ్చింది. చేతకానివాడే ఆగమంటాడని తేల్చేసింది.

ఇక వచ్చినవాళ్లందరూ వైద్యులే. పావురాన్ని కోసి వెచ్చని నెత్తురు చెయ్యికి పూశారు, ఈగలు ముసిరాయి. తాయెత్తు కట్టారు. గుడ్డు తిప్పి మూడు దార్ల కూడలిలో పారేశారు. మౌలాలి వాటన్నిటికీ ఓర్చుకున్నాడు, ఎందుకంటే వాటివల్ల ఒరిగేది లేకపోయినా పోయేదీ లేదు. కానీ ఊరుకోలేక ప్రతివాడికీ సంగతి విడమరిచి చెప్పబోయేవాడు. ఎడమచేత్తో పుల్ల పట్టుకుని నేల మీద తలకాయ గీసి, వెన్ను గీసి, చెయ్యి గీసేవాడు.

"మెదడు చేతిలో ఉండాదా, తలకాయలో ఉండాదా మౌలాలీ?" అనేవాడు ఒకడు.

"తలకాయలో."

"తలకాయ బాగుండాదంటివే. మరి చెయ్యేంటికి పడిపోయింది?"

మళ్లీ మొదటినుంచి గీసేవాడు. చెవిటివాని ముందర శంఖం ఊదినా, ఊదేవాడి బుగ్గలు ఉబ్బడం చూసి వాడు నవ్వనైనా నవ్వుతాడు. వీళ్లు అదీ లేదు. అన్నీ విని, చివర ఒకటే అడిగేవాళ్లు, "సరే, నరం నలిగిందనుకో. ఎట్ల నలిగింది?" అక్కడికి వచ్చేసరికి మౌలాలి నోరు పడిపోయేది. కల్లు సంగతి చెప్పకుండా ఆ మాట పూర్తి కాదు. చెబితే పీరు కోపమే అని ఊరు తేల్చేస్తుంది. అతను చెప్పలేక ఆగిపోయిన ఆ కాస్త సందులోనుంచే గాలీ ధూళీ దెయ్యమూ అన్నీ ఇంట్లోకి వచ్చాయి.

లేవి చూపించిన సూది పరీక్ష కూడా ఒకరోజు అందరి ముందరా చేసి చూపించాడు. చిటికెన వేలు గుచ్చుకుని "ఈడ తెలుస్తాంది" అన్నాడు. బొటనవేలి పక్కన గుచ్చుకుని "ఈడ తెలీదు, చూడండి, ఇదే నరం సంగతి" అన్నాడు. దస్తగిరమ్మ దగ్గరికి వచ్చి ఆ చోటును పరీక్షగా చూసింది.

"ఓహో. ఈడ కూర్చోనుండాదా అది" అంది.

అంతే. తన చేత్తో తానే చోటు చూపించినట్టయింది.

గొర్రెల పుల్లన్న దొడ్డి ఊరికి పడమట ఉంది. గొర్రెకు జబ్బు చేస్తే వాత పెట్టేవాడు, మనిషికి పక్షవాతం వచ్చినా, పసిబిడ్డకు పసిర్లు కమ్మి ఒళ్లు పచ్చబడినా వాతే పెట్టేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. చెడ్డవాడైతే మౌలాలికి తిట్టుకునే సుఖమైనా మిగిలేది. పుల్లన్న పెట్టుకున్న నియమం ఒకటే. ఇనుము పెట్టాక మనిషి అరిచేదాకా తీయకూడదు, ఆ అరుపు వెంటనే గాలి బయటికి వస్తుందని. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, తండ్రి తన తండ్రి దగ్గర.

మౌలాలి వాత వద్దని ఎండాకాలమంతా అక్కతో పోరాడాడు. కానీ చెయ్యి లేవలేదు. ఆస్పత్రికి పోయిన ప్రతిసారీ లేవి "ఆగు" అన్నాడు. వానలు వచ్చి వెళ్తే చలి వస్తుంది, పల్లెలు పిలుస్తాయి, చెయ్యి లేకపోతే ఆ ఇంటికి తిండి లేదు. ఒకరోజు లేవి మీద కూడా విరుచుకుపడ్డాడు.

"ఆగు ఆగు అంటావు. ఆగేది ఒక మందా? నువ్వు నాకు ఒక గోలీ ఇచ్చింటే మా ఇంట్లో నీ మాట నిలబడేది."

"ఉత్త సుద్దగోలీ ఇయ్యమంటావా?"

"ఇయ్యాల్సింది" అన్నాడు మౌలాలి.

చివరికి దస్తగిరమ్మ తిండి మానేసింది. తమ్ముడు వాత పెట్టించుకునేదాకా మెతుకు ముట్టనంది. మాబీ పొయ్యి దగ్గర కూర్చుని గొంతు లేకుండా ఏడ్చింది. "వదిన సచ్చిపోతే ఆ మాట నీ మీదికే కదయ్యా వచ్చేది" అంది. మౌలాలికి విసుగు పుట్టి, ఆ విసుగు కోపమై, కోపం తెలివిని మింగేసింది.

"పాండి. పెట్టించండి. మీ కడుపులు సల్లబడనీ" అని విసవిసా తానే ముందు నడిచాడు.

పుల్లన్న సరిగ్గా ఆ చోటే ఎంచుకున్నాడు, దస్తగిరమ్మ చూపించింది. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. ఎర్రగా కాలిన ఇనుము చెయ్యి వెనక ఆనింది. మౌలాలికి ఏమీ తెలియలేదు. పొగ కనిపించింది, వాసన వచ్చింది, అది తన చేతి వాసన అని తెలుసు. ఒళ్లు తనంతట తాను వెనక్కి లాక్కోవాలి కదా, లాక్కోలేదు. వేరేవాడి చెయ్యి కాలుతుంటే చూస్తున్నట్టు చూశాడు.

"నాకు తెలీడం ల్యా పుల్లన్నా. తీయి" అన్నాడు.

"మాట్లాడేది నువ్వు కాదబ్బీ, అది" అన్నాడు పుల్లన్న. "మొండిది. దిగనీ."

ఇనుము తోలు దాటి దిగింది. ఎప్పటికో పక్కనున్న బాగున్న కండకు సెగ పాకాక, అప్పుడు అరిచాడు మౌలాలి. ఆ అరుపుకు పుల్లన్న మొహం వెలిగింది. ఇనుము తీసి నీళ్లలో ముంచి, "పోయింది" అన్నాడు.

పుండు చీము పట్టింది. లేవి కట్టు విప్పి పుండు కడిగాడు. పుండు అడుగున తెల్లని పట్టీలు రెండు కనిపించాయి, బొటనవేలిని పైకి లాగేవి అవే అని లేవి మెల్లగా చెప్పాడు. కొన్నాళ్లకు అవి కుళ్లి ఊడిపోయాయి.

నరం మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. దానికి వాతతో పని లేదు, పావురంతో పని లేదు. వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున మౌలాలి చెంబు అందుకోబోతే మణికట్టు కాస్త లేచింది. దసరా నాటికి పూర్తిగా నిలబడింది. నాలుగు వేళ్లూ తెరుచుకున్నాయి. బొటనవేలు ఒక్కటి అరచేతిలో అడ్డంగా పడుకుని ఉండిపోయింది. నరం మాట మోసుకొచ్చింది, ఆ మాటకు లేపడానికి అక్కడ పట్టీయే లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. కొయ్యగుండు పట్టాలంటే ముందు బొటనవేలు తెరుచుకోవాలి. ఎడమచేత్తో దాన్ని విడదీసి గుండును దూర్చినా, రెండు దెబ్బలకే జారిపోయేది.

ఊరు ఊరంతా వచ్చి చూసి వెళ్లింది. చెయ్యి లేచిందా లేదా? లేచింది. వాత పెట్టకముందు లేచిందా? లేవలేదు. ఇంకేం కావాలి?

"బొటనేలు?" అని అరిచేవాడు మౌలాలి.

"ఒక ఏలు పోతే పోయింది లేప్పా, చెయ్యొచ్చింది కదా."

ఇక దాచేదేముందని ఒకరోజు అక్కకు కల్లు సంగతి కూడా చెప్పేశాడు. మంచం పట్టె, ఎముక, నరం, అన్నీ కలిపి మొదటిసారి సందు లేకుండా చెప్పాడు. దస్తగిరమ్మ అంతా విన్నది. బుగ్గలు నొక్కుకుని, "అదీ సంగతి. పీరు ఉట్టినే వదుల్తాడా మరి" అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మౌలాలి ఎడమచేత్తో ఏకడం నేర్చుకున్నాడు. విల్లును మాబీ పట్టుకునేది, ఇతను తప్పుపక్కన కూర్చుని కొట్టేవాడు. దూది మొహానికి ఎగిరేది. వెళ్లే పల్లెలు సగమయ్యాయి. దారిన పోతూ పోతూ ఎవరినైనా పుల్లన్న దొడ్డికి తీసుకుపోతున్నారని వింటే పని వదిలేసి అక్కడికి పరుగెత్తేవాడు, ఆపడానికి. అతన్ని చూస్తే పుల్లన్నకు ఎంతో సంతోషం. అందరి ముందరా అతని కుడిచెయ్యి పట్టి పైకెత్తి చూపించేవాడు. "ఇదో, ఈ చెయ్యి పడిపోయింటే నా ఇనుము లేపింది. అడగండి కావాలంటే." వాళ్లు అడిగేవాళ్లు. అతను నరం, ఎముక అని మొదలుపెట్టేవాడు. వాళ్లు అతని మాట వినకుండా అతని చెయ్యి చూసేవాళ్లు. తన చెయ్యే తన మీద సాక్ష్యం చెబుతుంటే ఇక వాదన ఎవరితో?

కొన్నేళ్లకు పుల్లన్న దొడ్డికి సోమక్క అనే కూలామె వచ్చింది, వేరుశనగ కలుపులప్పుడు. రోజంతా చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసీ తీసీ, ఒక సాయంత్రం లేస్తే కుడిపాదం ముందుకు వాలిపోయి నేలకు ఈడ్చుకుపోతోంది. మౌలాలి చూడగానే పోల్చుకున్నాడు. పాదం మీద చీపురుపుల్లతో గీసి అడిగితే తెలియడం లేదంది. పుల్లన్న అప్పటికే ఇనుము పొయ్యిలో పెట్టాడు. మౌలాలి ఈసారి మెదడు గీయలేదు, వెన్ను గీయలేదు. ఆమె పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు.

"అక్కా, ఇనుము తగలంగానే గట్టిగా అరువు."

"నొప్పి ఉంటే అరుస్తా."

"నొప్పి ఉండదు. అయినా అరువు. నీ కాళ్లు మొక్కుతా."

"నలుగురు బిడ్డల్ని కన్నెప్పుడే నేను నోరు తెరవలేదు" అంది సోమక్క. "ఇప్పుడు నొప్పి లేకుండా అరిస్తే నలుగురు నవ్వరా?"

ఇనుము పాదం మీద ఆనింది. సోమక్క పళ్లు బిగించి నిటారుగా కూర్చుంది. ఆమెకు ఏమీ తెలియడం లేదని మౌలాలికి తెలుసు. పొగ లేచింది. "మొండిది, దిగనీ" అని పుల్లన్న నోరు తెరిచాడో లేదో, మౌలాలి దొడ్డి అదిరిపోయేటట్టు అరిచాడు. అది నటన కూడా కాదు. ఆ వాసనకు అతని చేతి మచ్చలో మంట రేగింది, ఇన్నేళ్ల కసి అంతా ఆ గొంతులో నుంచి బయటపడింది. పుల్లన్న ఉలిక్కిపడి ఇనుము ఎత్తేశాడు. గొర్రెలు చెదిరిపోయాయి.

పుల్లన్న సోమక్కను చూశాడు, మౌలాలిని చూశాడు. నిదానంగా తల ఊపాడు.

"ఈమెను వదిలి ఈయప్ప మీదికి దూకింది" అన్నాడు. "అలవాటైన ఒళ్లు కదా."

అందరూ ఔనన్నారు. మౌలాలి కాదనబోయి, సోమక్క పాదం చూసి నోరు మూసుకున్నాడు. తోలు మీద చిన్న బొబ్బ మాత్రం లేచింది. ఆరు వారాలు తిరగకముందే పాదం కూడా లేచింది. ఆ తర్వాత పుల్లన్న ఇనుము కాల్చిన ప్రతిసారీ మౌలాలికి కబురు వచ్చేది, గాలిని ఎక్కించుకునేవాడు పక్కన లేకుండా వాత పెట్టేది లేదని. ఇనుము ఆనీ ఆనకముందే అతను అరిచేవాడు. తెల్లోళ్లు దేశం వదిలిపోయిన యేడు దాకా అరుస్తూనే ఉన్నాడు. పిల్లలు అతన్ని గాలి మౌలాలి అని పిలిచేవాళ్లు. ఆ పేరు వినపడితే అప్పటికీ పోట్లాటకు పోయేవాడు.

ఒకసారి లేవి అడిగాడు, తల నెరిసినా కట్లు కడుతూనే ఉన్నాడు. "ఊళ్లో వాత పుండ్లు తగ్గిపోయినాయి మౌలాలన్నా. నరాల సంగతి జనానికి బాగా ఎక్కించినట్టుండావే. ఎట్ల చెప్పినావు?"

మౌలాలి తన కుడిచేతిని లేపి, అరచేతిలో పడుకున్న బొటనవేలిని ఎడమచేత్తో విడదీసి, వదిలాడు. అది మళ్లీ అక్కడికే వాలింది.

"చెప్పినన్ని దినాలు ఒక్కరూ ఇన్లేదు లేవీ" అన్నాడు. "అరిస్తే ఇన్నారు."